సాగగొట్టిన క్రాంకా, పోతపోసిన క్రాంకా?

పిస్టన్లు పైకీ కిందికీ ఆడే ఆటను గుండ్రటి తిప్పుడుగా మార్చి చక్రాలకు అందించే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. 1960, 70 దశకాల్లో అమెరికన్ కంపెనీలు పెద్ద కార్లకూ ట్రక్కులకూ బిగించిన ‘బిగ్ బ్లాక్’ వి8 ఇంజన్లు చాలావరకు ఆరు నుంచి ఏడున్నర లీటర్ల పరిమాణంలో ఉండేవి. వాటిలోని క్రాంకులు రెండు రకాలు. ఎర్రగా కాల్చిన ఉక్కు దిమ్మను అచ్చుల మధ్య మోది రూపు తెచ్చింది ఫోర్జ్‌డ్ క్రాంక్. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి తీసింది పోత క్రాంక్. మరపట్టి నునుపు చేశాక, నూనె జిడ్డు పట్టాక, రెండూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. అందుకే పాత ఇంజన్‌ను మళ్లీ కట్టేవారు మొదట తేల్చుకోవలసింది ఈ తేడానే.

ఇనుము తీరు మారిన కథ

పోత క్రాంక్ కొత్త ఆలోచన కాదు. ఫోర్డ్ తన వి8 కార్లకు 1930ల్లోనే మిశ్రమ ఉక్కుతో క్రాంకులు పోతపోసింది. మామూలు పోత ఇనుము మాత్రం ఈ పనికి చాలదు. అందులోని గ్రాఫైట్ పలుచని రేకులుగా పేరుకుంటుంది. బరువు పడినప్పుడు ఆ రేకుల అంచుల దగ్గరే పగుళ్లు పుడతాయి. ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీలో కీత్ మిల్లిస్ 1943లో కరిగిన ఇనుముకు కొద్దిగా మెగ్నీషియం కలిపినప్పుడు గ్రాఫైట్ రేకులుగా కాక చిన్న గుండ్లుగా గడ్డకట్టింది. దీనికి 1949లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. నాడ్యులర్ ఇనుముగా పేరుపడిన ఈ లోహం పెళుసుతనం వదిలి కొంత సాగే గుణం తెచ్చుకుంది. 80-55-06 అనే ప్రామాణిక రకాన్నే తీసుకుంటే, చదరపు అంగుళానికి 80 వేల పౌండ్ల లాగుడు దాకా తెగదు. తెగేలోపు 6 శాతం సాగుతుంది.

ఉక్కును మోది చేసిన క్రాంక్‌కు దీనికి మించిన బలం ఉంటుంది. మోదడంలో లోహపు నార క్రాంక్ వంపుల వెంటే తిరుగుతుంది కాబట్టి అది అలసటను ఎక్కువ కాలం తట్టుకుంటుంది. అయితే భారీ ప్రెస్సులు, ఖరీదైన అచ్చులు, ఎక్కువ మరపని కావాలి. పోత క్రాంక్ అచ్చులోంచే దాదాపు తుది రూపంతో బయటికొస్తుంది. ఖర్చు తక్కువ.

ఏ ఇంజన్‌కు ఏది?

రేసులకు దిగే ఇంజన్లకు ఉక్కు, ఇంటికి వాడే కార్లకు పోత అన్నది స్థూలమైన లెక్క. క్రైస్లర్ 426 హెమీకి (ఈ అంకెలు ఘనపు అంగుళాల్లో ఇంజన్ పరిమాణం) ఫోర్జ్‌డ్ క్రాంకే. షెవ్రొలే 1970లో 450 హార్స్‌పవర్‌గా ప్రకటించిన 454 ఎల్‌ఎస్6కీ అదే. మామూలు 454లకు ఎక్కువగా పోత క్రాంకులు పడ్డాయి. 1966లో లె మాన్ రేసు గెలిచిన ఫోర్డ్ జీటీ40ల్లోని 427 ఇంజన్‌కు ఉక్కు క్రాంక్ ఉండగా, 1968లో వచ్చిన 428 కోబ్రా జెట్‌కు నాడ్యులర్ ఇనుప క్రాంక్ పెట్టారు. డ్రాగ్ రేసుల్లో అది పేరు తెచ్చుకుంది కూడా. మరోవైపు, షెవ్రొలే బరువు ట్రక్కుల 427 ఇంజన్లలో ఫోర్జ్‌డ్ క్రాంకులు ఉండేవి. రోజంతా బరువు లాగే బండికి అలసట తట్టుకునే లోహం అవసరం కదా. కాబట్టి బానెట్ మీది పేరును బట్టి లోపలి లోహాన్ని ఊహించడం కుదరదు.

1971 నుంచి పొగ నిబంధనలకు తగ్గట్టు కంప్రెషన్ తగ్గింది, దాంతో శక్తీ తగ్గింది. క్రైస్లర్ అంతదాకా ఉక్కు క్రాంకులు వాడుతూ వచ్చిన 440 ఇంజన్‌కు 1970ల మధ్యకల్లా పోత క్రాంక్ పెట్టింది. 440లోనూ ఒకే పేరుతో ఒకే పరిమాణంలో రెండు రకాలు తిరగడం అలా మొదలైంది.

గీత చెప్పే నిజం

విప్పిన క్రాంక్‌ను గుర్తించడానికి అన్నిటికన్నా నమ్మదగిన ఆనవాలు అచ్చు గీత. పోత అచ్చు రెండు సగాలు కలిసిన చోట లోహం సన్నగా ఉబికి గీతలా మిగులుతుంది. మరపట్టని భుజం పక్కన వేలు పెట్టి రాస్తే గోరుకు తగిలేంత పదునుగా ఉంటుంది. వెడల్పు సాధారణంగా 2, 3 మిల్లీమీటర్లు దాటదు. ఫోర్జింగ్‌లో అచ్చులు మూసుకున్నప్పుడు మిగులు ఉక్కు పక్కలకు పొంగి రేకులా బయటికొస్తుంది. దాన్ని కత్తిరించి సానపట్టిన చోట 12 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పున చదునైన పట్టీ మిగులుతుంది. కొన్నిటి మీద సానరాయి గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. గీతతో పాటు చుట్టూ ఉన్న చర్మమూ చూడాలి. ఇసుక అచ్చులో పోసినదైతే పొడిపొడి గరుకు కనిపిస్తుంది. మోదినదైతే కాల్చినప్పటి పొలుసు రాలిన నున్నని తలం ఉంటుంది.

తక్కినవి తోడు సాక్ష్యాలు. క్రాంక్‌ను వేలాడదీసి చిన్న సుత్తితో తడితే ఉక్కుది గంటలా ఖంగున మోగి చాలాసేపు వినిపిస్తుంది. పోతది మందంగా మోగి త్వరగా ఆగుతుంది. నాడ్యులర్ ఇనుము కూడా కొంత మోగుతుంది కాబట్టి చప్పుడు ఒక్కటే వింటే పొరబడే వీలుంది. నేల మీద పెట్టి తడితే ఏదీ సరిగా మోగదు. పనికి అడ్డురాని చోట సానరాయి ఆనిస్తే ఉక్కు నుంచి పొడవైన తెల్లటి నిప్పురవ్వలు, పోత ఇనుము నుంచి పొట్టి ఎర్రటి రవ్వలు రాలతాయి. క్రాంక్ తూకానికి ఉండే కౌంటర్‌వెయిట్ల మీది అంకెలను తయారీదారు పట్టికతో పోల్చుకోవచ్చు. ఫోర్డ్ 428 పోత క్రాంకుల మీద ‘1యూ’తో మొదలయ్యే గుర్తులుంటాయి.

విప్పకుండా చూడటం

అచ్చు గీతను చూడటానికి ఇంజన్ మొత్తం విప్పనవసరం లేదు. ఆయిల్ పాన్ దించితే క్రాంక్ భుజాలు కనిపిస్తాయి. పోత క్రాంక్ ఉన్న క్రైస్లర్ ఇంజన్ల బ్లాక్ మీది గుర్తుల పలకలో ‘ఇ’ అనే ఇంగ్లిష్ అక్షరం కొట్టి ఉంటుంది. క్రాంక్‌ను ఎవరైనా తర్వాత మార్చి ఉంటే ఆ అక్షరం తప్పు చెబుతుంది.

తూకం చూసి పోల్చడం ఒక కంపెనీ ఇంజన్‌కు పనికొచ్చి మరొక దానికి పనికిరాదు. క్రైస్లర్ 440 పోత క్రాంక్‌కు ముందున్న, వణుకు తగ్గించే డ్యాంపర్‌లోనూ వెనుక టార్క్ కన్వర్టర్‌లోనూ అదనపు బరువు పెట్టి తూకం సరిచేశారు. ఇదే బయటి తూకం. ఉక్కు క్రాంకులకు ఎక్కువగా ఆ అవసరం ఉండదు, అయితే 440 సిక్స్ ప్యాక్ ఉక్కు క్రాంక్‌కు బయటి తూకమే. షెవ్రొలే 454కు లోహం ఏదైనా బయటి తూకమే, 396, 427లకు లోపలి తూకం. ఈ తేడా తెలియక ఒక రకం క్రాంక్‌కు మరో రకం డ్యాంపర్ బిగిస్తే ఇంజన్ వణికి బేరింగులు చెడతాయి.

రకం తేలాక పని దాన్ని బట్టే నడుస్తుంది. పగుళ్లు లేవని మాగ్నెటిక్ పరీక్షలో తేలిన నాడ్యులర్ క్రాంక్ కంపెనీ ఇచ్చిన శక్తితో రోడ్డు మీద తిరిగే బండికి సరిపోతుంది. శక్తిని బాగా పెంచి రేసుకు దింపే ఇంజన్‌కు ఫోర్జ్‌డ్ క్రాంక్ కావాలి. కంపెనీ నుంచి వచ్చినట్టే నిలబెట్టాలనుకునే బండికి మాత్రం మొదట ఏది ఉందో అదే సరైనది, అది పోతదే అయినా సరే.