పనసలో పథ్యం పచ్చికాయే

షుగర్ ఉన్నవాళ్లు బియ్యప్పిండికీ గోధుమపిండికీ బదులు కొంత పచ్చి పనసకాయ పిండి తింటే రక్తంలో చక్కెర తగ్గుతుందా? దీనిని పద్ధతి ప్రకారం పరీక్షించి చూసింది ఏ విదేశీ సంస్థో కాదు, మన శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల. ఫలితాలు 2021లో ‘న్యూట్రిషన్ అండ్ డయాబెటిస్’ అనే అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. ఉద్దానం పనసకు పేరుపడ్డ జిల్లాకు ఇది గర్వకారణం. కానీ ఆ పరీక్ష ఏం తేల్చిందో, ఏం తేల్చలేదో తెలియకుండా పనసను సర్వరోగ నివారిణి చేసేస్తే మేలుకంటే కీడే ఎక్కువ.

పనసకు పుట్టిల్లు పడమటి కనుమల అడవులు. క్రీస్తుకు సుమారు 300 ఏళ్ల ముందే గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ భారతదేశంలో మునులు తినే పెద్ద తీపి పండు గురించి రాశాడు. అది పనసేనని చాలామంది అభిప్రాయం. చరక సంహిత దీన్ని తీపీ వగరూ కలిసిన, చలువ చేసే, బరువైన పండ్లలో చేర్చింది. 14వ శతాబ్దిలో వచ్చిన ఇబ్న్ బతూతా దీని రుచిని మెచ్చుకున్నాడు. 1678 నుంచి 1693 దాకా వెలువడిన ‘హోర్టస్ మలబారికస్’ దీన్ని బొమ్మతో సహా వర్ణించింది. 1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ ‘ఆర్టోకార్పస్ హెటిరోఫిల్లస్’ అని పేరు పెట్టాడు. ఇవాళ ఇది బంగ్లాదేశ్‌కు జాతీయ ఫలం, 2018 నుంచి కేరళకు రాష్ట్ర ఫలం.

మనవైపు పనసకు ఉద్దానమే పెద్ద నెలవు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ పనస పెరుగుతుంది. లేతకాయ దొరికితే పొట్టు కొట్టి ఆవపెట్టిన కూర, పండితే తొనలు, ఆ తరవాత పిక్కల కూర. చెట్టులో పారేసేది తక్కువ. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తాయి. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసింది. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. శ్రీకాకుళంలో పనసపిండి పరీక్ష మొదలైంది ఆ మరుసటి ఏడాదే.

పరీక్షలో టైప్ 2 మధుమేహం ఉన్న 40 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ 30 గ్రాముల పచ్చి పనస పిండి, రెండో జట్టుకు అంతే మామూలు పిండి ఇచ్చారు. రోజూ తినే బియ్యప్పిండి, గోధుమపిండిలో అంత మేర తగ్గించి దీన్ని కలుపుకోవాలి. ఎవరు ఏ పిండి తింటున్నారో రోగికీ తెలియదు, చూసే వైద్యుడికీ తెలియదు. వాడే మాత్రలు మానలేదు. 12 వారాల తరవాత మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పనస జట్టులో 0.25 శాతం పాయింట్లు తగ్గింది. రెండో జట్టులో 0.02 పెరిగింది. పరగడుపు చక్కెర, తిన్నాక చూసే చక్కెర కూడా పనస జట్టులోనే ఎక్కువ తగ్గాయి.

పచ్చికాయలో చక్కెర తక్కువ, పీచు ఎక్కువ. మాగేకొద్దీ పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. 100 గ్రాముల పండు తొనల్లో దాదాపు 19 గ్రాముల చక్కెరే ఉంటుంది. కాబట్టి శ్రీకాకుళం ఫలితం పచ్చికాయ పిండికే చెల్లుతుంది, తొనలకు చెల్లదు. అన్నం తినేంత తిని, దానిపైన ఈ పిండీ తింటే ఆ ఫలితం ఆశించకూడదు. పరీక్షలో పాల్గొన్నది 40 మందే, నడిచింది మూడు నెలలే. పైగా ఆ పిండిని మార్కెట్లోకి తెచ్చిన సంస్థ స్థాపకుడు జేమ్స్ జోసెఫ్ కూడా పరిశోధన పత్రం రచయితల్లో ఒకరు. ఇవేవీ ఫలితాన్ని కొట్టిపారేసే కారణాలు కావు. అమ్మకంతో సంబంధం లేనివాళ్లు, ఇంకా ఎక్కువమందిపై, ఇంకా ఎక్కువ కాలం మళ్లీ చేసి చూడాలనడానికి కారణాలు.

పనస పిక్కలదీ ఒక చరిత్రే. వాటిలోని జాకలిన్ అనే ప్రోటీన్ మన రక్తంలోని ఒక రకం యాంటీబాడీని పట్టుకుంటుందని 1985లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు చూపారు. 1996లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో దాని నిర్మాణాన్ని విప్పి చెప్పారు. ఆ పనిలో ముఖ్యుడైన ఆర్.శంకరనారాయణన్ తరవాత హైదరాబాదు సీసీఎంబీకి వచ్చారు. జాకలిన్ ప్రయోగశాలల్లో చక్కగా పనికొస్తోంది. అంతమాత్రాన పిక్కలు తింటే రోగాలు పోతాయని అర్థం కాదు.

ఉద్దానం వాళ్లకు మరో మాట తప్పక చెప్పాలి. కిడ్నీ జబ్బు ఆ ఊళ్లను ఏళ్లుగా పీడిస్తోంది. 100 గ్రాముల పనస తొనల్లో 450 మిల్లీగ్రాములదాకా పొటాషియం ఉంటుంది. దెబ్బతిన్న మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేక, అది రక్తంలో పేరుకుపోతే గుండెకే ముప్పు. కిడ్నీ రోగులు పండైనా పిండైనా వైద్యుణ్ణి అడక్కుండా ముట్టకూడదు.

ఇంతవరకూ ఉన్న ఆధారాన్ని బట్టి తీర్పు ఇది: మూత్రపిండాలు బాగున్న షుగర్ రోగి మాత్రలు మానకుండా, వైద్యుడికి చెప్పి, అన్నం తగ్గించి ఆ మేర పచ్చి పనస పిండి తినవచ్చు. మందుకు అది బదులు కాదు, తిండిలో మంచి మార్పు. ఇక పరీక్ష మన జిల్లాలో జరిగింది, కాయ మన జిల్లాలో పండుతుంది. పచ్చికాయను ఎండబెట్టి పిండి చేసే యూనిట్లు ఉద్దానంలోనే పెట్టాలి. తుపానుకు చెట్లు పోగొట్టుకున్న రైతుకు ఆ లాభంలో మొదటి వాటా దక్కాలి.