సీ ఆర్గాన్ (జాదర్)

క్రొయేషియాలోని జాదర్ నగరంలో అలల తాకిడికి తనంతట తానే మోగే తీర నిర్మాణం. వాస్తుశిల్పి నికోలా బాషిచ్ రూపకల్పన, 2005లో ప్రారంభమైంది. రెండో ప్రపంచ యుద్ధపు బాంబుదాడుల్లో ఊరు బాగా దెబ్బతింది. తరవాతి పునర్నిర్మాణంలో సముద్రపు ఒడ్డు చాలావరకు బోసి కాంక్రీటు గోడగా మిగిలిపోయింది.

ఇప్పుడక్కడ దాదాపు 70 మీటర్ల పొడవున తెల్లరాతి మెట్లు నీళ్లలోకి దిగుతాయి. వాటి అడుగున 35 గొట్టాలున్నాయి. గొట్టం కింది కొస సముద్రంలోకి తెరుచుకుని ఉంటుంది. అల లోపలికి చొరబడి గాలిని పైకి నెడుతుంది. పిల్లనగ్రోవిలో ఊపిరిలాగే ఆ గాలి స్వరమై, నడకదారి రాళ్లలోని రంధ్రాల గుండా బయటికొస్తుంది. స్వరస్థాయిని నిర్ణయించేది గొట్టం పొడవు. మెట్ల వరసలో వేర్వేరు చోట్ల కూర్చుంటే వేర్వేరు స్వరాలు వినపడతాయి. వాటిని ముందే పొందికగా శ్రుతి చేశారు కాబట్టి ఏవి కలిసి మోగినా చెవికి ఇంపుగానే ఉంటాయి. పెద్ద పడవ వెళ్లినా, గాలి ముదిరినా జోరు పెరుగుతుంది.

తీరాల్లో ధ్వని ప్రణాళిక అంటే రొదను ఆపే గోడలు కట్టడమేనన్న ధోరణికి ఇది మేలైన ప్రత్యామ్నాయం. 2006లో యూరోపియన్ పట్టణ బహిరంగ స్థల పురస్కారాన్ని మరో నిర్మాణంతో కలిసి పంచుకుంది.