ఓడకు బ్రేకులుండవు

తెల్లవారుజామున నాలుగున్నర. విశాఖ పాతపోస్టాఫీసు వీధులు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. హార్బరు లోపల, ఓడలను లాగే టగ్గు పడవల జెట్టీ మీద మాత్రం దీపాలు వెలుగుతున్నాయి. గట్టు మీంచి డెక్కు మీదికి అడుగు వెయ్యండి. అరికాళ్లకు సన్నటి వణుకు తగులుతుంది. కింద రెండు ఇంజిన్లు అప్పుడే వేడెక్కుతున్నాయి. డీజిలు వాసన, ఉప్పుగాలి, ఎవరో మరిగిస్తున్న టీ వాసన ఒక్కసారే ముక్కుకు సోకుతాయి.

టగ్గు ముందుభాగాన, తాడు చుట్టే విన్చి పక్కన, సరంగు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కుడిచేతిలో టార్చిలైటు. ఎడమ అరచేతిని తాడు మీద ఆనించి, అంగుళం అంగుళం జరుపుతూ తడుముతున్నాడు. మనిషి మణికట్టు కంటే లావున్న తాడు. రంగు వెలిసి, పైన నూగు లేచింది.

"చూసింది చాల్లే బాబాయ్, టీ చల్లారిపోతోంది" అన్నాడు కుర్ర కళాసీ.

"టీ చల్లారితే మళ్లీ కాసుకుంటాం. ఇది తెగితే ఏటి చేస్తావురా?" తల ఎత్తకుండానే జవాబిచ్చాడు సరంగు.

దూరం నుంచి చూస్తే కొబ్బరిపీచు మోకులా ఉంది గానీ, ఇది ప్రత్యేకమైన ప్లాస్టిక్ పోగులతో అల్లిన తాడు. ఉక్కు తీగల మోకుకున్నంత బలం, దాని బరువులో ఏడో వంతు. నీళ్లలో పడితే తేలుతుంది. ఇవాళ తెల్లారేలోగా ఎనభై వేల టన్నుల బరువు ఈ తాడు చెప్పినట్టు వినాలి.

నిచ్చెనమెట్లెక్కి వీల్‌హౌస్‌లోకి రండి. నాలుగు వైపులా అద్దాలే. మధ్యలో కుర్చీ, దానికి రెండు పక్కలా చేతికందేలా రెండు పిడులు. టగ్గు మాస్టరు గారు కూర్చుని ఒక్కో పిడినీ ఒక్కో చేత్తో మెల్లగా తిప్పారు. టగ్గు పక్కకు జరిగింది. ముందుకూ కాదు, వెనక్కూ కాదు, ఎండ్రకాయలా అడ్డంగా జెట్టీని వదిలింది. టగ్గు అడుగున ఉన్న రెండు పంకాలూ మూడువందల అరవై డిగ్రీలూ తిరుగుతాయి. వీటికి వేరే చుక్కాని అక్కర్లేదు. పంకా ఎటు తిరిగితే నీటి తోపు అటు. మద్దెల వాయించేవాడికి కుడిచెయ్యి ఒక పని, ఎడమచెయ్యి ఇంకో పని చేసినట్టు, ఆయన రెండు చేతులూ రెండు వేరువేరు లెక్కలు నడుపుతున్నాయి.

ఈ టగ్గు పొడవు ముప్పై మీటర్ల చిల్లర. దీని సత్తువ 50 టన్నులు. ఆ అంకె ఎలా తేలుస్తారంటే, కొత్త టగ్గును గట్టు మీది ఇనప గుంజకు మోకుతో కట్టి, మధ్యలో బరువు చూపే యంత్రం పెట్టి, ఇంజిన్లు పూర్తి జోరుతో నడుపుతారు. ఎన్ని టన్నుల లాగుడు చూపిస్తే అది దాని బలం. మన ఊళ్లలో ఎడ్ల సత్తువ తేల్చడానికి బండలాగుడు పెట్టినట్టే. ఓడరేవు భాషలో దాని పేరు బొలార్డ్ పుల్.

కుడివైపు యారాడ కొండ చీకటి ముద్దలా జారిపోతోంది. డాల్ఫిన్స్ నోస్ అని లోకమంతా పిలిచేది దీన్నే. పైన లైట్‌హౌస్ వెలుగు తిరిగి తిరిగి సముద్రం మీద పడుతోంది. బయట లంగరు వేసిన ఓడల దీపాలు నీళ్ల మీద చిన్న ఊరిలా కనిపిస్తున్నాయి. ఆ దీపాల్లోంచి ఒక వరుస విడివడి మన వైపు వస్తోంది.

దగ్గరికి వచ్చేదాకా అది ఎంత పెద్దదో తెలియదు. 229 మీటర్ల పొడవు. నిలబెడితే డెబ్భై అంతస్తుల మేడ. 32 మీటర్ల వెడల్పు. పనామా కాలువ పాత లాకుల్లో పట్టేంత కొలతతో కట్టింది కాబట్టి దీన్ని ప్యానమాక్స్ అంటారు. కడుపునిండా బొగ్గు. నీళ్లలోకి దాదాపు పద్నాలుగు మీటర్లు దిగి ఉంది. పైలట్ లాంచి దాని పక్కకు చేరింది. ఓడ పక్కన వేలాడుతున్న తాడు నిచ్చెన పట్టుకుని పైలట్ పైకెక్కుతున్నాడు. అంత పెద్ద ఇనప గోడ మీద ఆ మనిషి చీమంత ఉన్నాడు. ఓడకు కెప్టెన్ వేరే ఉన్నాడు. కానీ ఈ రేవు లోతులు, మలుపులు, ఏ వేళకు ఏ గాలి వీస్తుందో తెలిసినవాడు పైలట్. కాసేపటికి తెలుపూ ఎరుపూ సగం సగం ఉన్న జెండా ఓడ మీద ఎగిరింది. పైలట్ ఎక్కాడని దానర్థం.

ఇన్ని సముద్రాలు దాటి తనంతట తాను వచ్చిన ఓడకు ఆఖరి నాలుగు కిలోమీటర్లకు ఈ చిన్న పడవల తోడు ఎందుకు?

ఓడకు బ్రేకులుండవు. నిండు వేగంతో పోతున్నప్పుడు ఇంజిను ఆపి వెనక్కి తిప్పినా, అది ఆగేసరికి కిలోమీటర్లు దాటిపోతుంది. పోనీ మెల్లగా వద్దామంటే ఇంకో చిక్కు. చుక్కాని పనిచేసేది దాని మీదుగా నీళ్లు జోరుగా పారినప్పుడే. వేగం తగ్గినకొద్దీ చుక్కానికి పట్టు పోతుంది. పంకా వెనక్కి తిప్పితే ఓడ తిన్నగా ఆగదు. చాలా ఓడల్లో వెనకభాగం ఎడమకు జరిగి మూతి కుడికి తిరుగుతుంది. నడిసముద్రంలో మహారాజులా వచ్చిన ఓడ, ఇల్లు కనబడే దూరానికి వచ్చేసరికి తన ఒంటి మీద తనకే అదుపు లేనిదవుతుంది. అక్కడ దానికి చుక్కానీ బ్రేకూ కూడా ఈ టగ్గులే.

రేడియోలో పైలట్ గొంతు. "ఫార్వర్డ్ టగ్, మేక్ ఫాస్ట్, సెంటర్ లీడ్."

తాడు కట్టమన్న ఆ మాటే మాస్టరు గారు తిరిగి చెప్పి టగ్గును ఓడ మూతి ముందుకు తీసుకొచ్చారు. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. మన టగ్గు ముఖం ఓడ వైపు ఉంది. నడక మాత్రం వెనక్కి. ఆరు నాట్స్ వేగంతో, అంటే గంటకు పదకొండు కిలోమీటర్ల చొప్పున, ఓ కొండ మన మీదికి వస్తుంటే, దాన్ని చూస్తూ అదే వేగంతో వెనక్కి నడుస్తున్నాం. ఓడ మూతి కింది ఉబ్బు నీళ్లను చీల్చే చప్పుడు గాజు తలుపు ఇవతలికి కూడా వినిపిస్తోంది. ఇంజిను ఒక్క క్షణం తడబడితే అది మన మీదినుంచి పోతుంది. ఓడ పక్కగా నీళ్లు పరుగెత్తే చోట ఈడ్పు ఉంటుంది. అక్కడికి చిన్న పడవ వెళ్తే దానంతట అదే ఓడ వైపు లాక్కుపోతుంది. మాస్టరు గారి వేళ్లు క్షణం కూడా ఆగడం లేదు. కనురెప్పలు మాత్రం కదలడం లేదు.

పైనుంచి సన్నటి తాడు విసిరారు. దాని కొసన బరువైన ముడి. అది డెక్కు మీద ఠప్పున పడింది. కుర్ర కళాసీ ఒక్క ఉరుకున అందుకుని, మన పెద్దతాడు కొసను దానికి కట్టాడు. పైన ఓడవాళ్లు లాగుతుంటే పెద్దతాడు పాములా పైకి పాకింది. దాని కొసన ఉచ్చులా ఉన్న కంటిని ఓడ మీది ఇనప గుంజకు తగిలించారు. చెయ్యెత్తి సైగ చేశారు.

"తాడుకి ఎదురుగా నిలబడకురా! ఇటొచ్చీ!" సరంగు అరిచాడు. కుర్రాడు విన్చి వెనక్కి గెంతాడు. బిగిసిన తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. అది తగిలిన చోట మనిషి మిగలడు. ఈ వృత్తిలో ఇంకో గండం కూడా ఉంది. తాడు టగ్గుకు అడ్డంగా పడి, ఓడ దాన్ని పక్కనుంచి లాగితే, కళ్లు మూసి తెరిచేలోగా టగ్గు బోల్తా పడుతుంది. అందుకే మాస్టరు గారి చేతికందే దూరంలో తాడును ఒక్కసారిగా వదిలేసే బటన్ ఉంది. దాని మీది మూత తెరిచే ఉంది.

వెనక రెండో టగ్గు ఓడ తోక పట్టింది. రథోత్సవం గుర్తు తెచ్చుకోండి. పగ్గాలు పట్టుకుని లాగేవాళ్లు వందల మంది. చక్రాల పక్కన వంగి నడుస్తూ, సమయానికి చెక్కలు అడ్డం పెట్టి రథాన్ని మలిపేవాళ్లు నలుగురే. రథం ఇళ్ల అరుగులు తాకకుండా వీధి దాటిందంటే ఆ నలుగురి పుణ్యం. వెనక టగ్గుది అచ్చంగా అదే పని. లాగడం కంటే ఆపడమే ఎక్కువ.

ఇప్పుడు రేవు కాలువలోకి వచ్చాం. ఎడమవైపు యారాడ కొండ రాళ్లు, కుడివైపు పాతపట్నం. తూర్పున వెలుగు విచ్చుకుంది. రాస్ హిల్ మీది చర్చి ముందుగా తెల్లబడింది. ఆ పక్కనే దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. మూడు కొండల మీద మూడు ప్రార్థనలు. వాటి కిందుగా ఓడ పోతుంటే పట్నం వీధి చివర ఇనప మేడ ఒకటి నడిచిపోతున్నట్టు ఉంటుంది. కాలువ ఇరుకులో నీళ్లకు చోటుండదు. గట్టు దగ్గరైన వైపు నీళ్లు ఓడ వెనకభాగాన్ని తమ వైపు పీలుస్తాయి, మూతిని అవతలికి తోస్తాయి. చుక్కాని దాన్ని దిద్దుకోలేదు.

"ఫార్వర్డ్ టగ్, ఈజీ పుల్ టు పోర్ట్."

మూతిని మెల్లగా ఎడమకు లాగమని. మాస్టరు గారు ఎడమపిడిని రెండు వేళ్ల మేర తిప్పారు. తాడు కిర్రుమంది. నీళ్లు తెల్లగా ఉడికాయి. ఓ నిమిషం దాకా ఏమీ కాలేదు. తర్వాత, గడియారం ముల్లు కదిలినంత నెమ్మదిగా, ఆ మూతి తిన్నబడింది.

ఈ దారి దేవుడిచ్చింది కాదు. ఒకప్పుడు ఇక్కడ ఉప్పుటేరు, చిత్తడి నేల. ఓడలు ఆవల సముద్రంలోనే ఆగేవి. ఈ తీరం పొడవునా, మేకులు లేకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవలు కెరటాల మీదుగా సరుకు మోసేవి. బురద తవ్వి, మట్టి తోడి, ఇసుక మేట వెయ్యకుండా కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేసి ఈ లోపలి హార్బరు తయారు చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి ఇందులోకి వచ్చింది. అప్పటి ఓడలకు తగ్గట్టు తవ్వి, తర్వాత లోతు చేసిన దారిలోంచి ఇప్పుడు ఇంత ఓడ పోతోందంటే, మిగిలిన తేడాను పూడుస్తున్నది మనం నిలబడ్డ ఈ పడవే.

ఇక్కడ నిలబడి ఆ తాడును చూస్తుంటే నాకు అమెరికాలోని బాల్టిమోర్ రేవు గుర్తొస్తుంది. 2024 మార్చి 26, అర్ధరాత్రి దాటాక. డాలి అనే మూడువందల మీటర్ల ఓడను రెండు టగ్గులు రేవునుంచి కదిపి, కాలువలో తిన్నగా నిలబెట్టి, తాడు వదిలి వెళ్లాయి. అక్కడి పద్ధతి ప్రకారం వాటి పని అయిపోయింది. తర్వాత అరగంటైనా కాకముందే ఓడలో కరెంటు పోయింది. చుక్కాని లేదు, ఇంజిను లేదు. పైలట్ టగ్గుల కోసం రేడియోలో పిలిచాడు. అవి వెనక్కి వచ్చేంత వ్యవధి లేదు. ఓడ దారిలోని వంతెన స్తంభాన్ని కొట్టింది. వంతెన కూలింది. పైన రోడ్డు మరమ్మతు చేస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన దేశం వాళ్లే.

టగ్గుకు ప్రతి గంటా ఖర్చే. డీజిలు, జీతాలు, అద్దె. ఆ లెక్క వేసేటప్పుడు ఎవరైనా ఓసారి ఈ డెక్కు మీద నిలబడాలని నా కోరిక. ఇక్కడ నిలబడితే, తాడు ఎప్పుడు పట్టాలన్నదానికంటే ఎప్పుడు వదలాలన్నదే పెద్ద నిర్ణయమని తెలుస్తుంది. రేవులు తమ గొప్పను ఏడాదికి ఎన్ని కోట్ల టన్నుల సరుకు దిగిందన్న అంకెతో చెప్పుకుంటాయి. ఆ అంకెలోని ప్రతి టన్నూ ఏదో ఒక టగ్గు పక్కన నడిస్తే గట్టెక్కిందే.

కాలువ దాటాం. నీళ్లు విశాలమయ్యాయి. ఓడను ఇక్కడే తిప్పాలి. మూడో టగ్గు ఎదురుచూస్తోంది. ఓడ పక్కన తెల్లరంగుతో గుర్తులున్నాయి. లోపల బలమైన అడ్డదూలాలున్న చోటు అది. ఆ చోటనే తొయ్యాలి. ఇంకో చోట తోస్తే రేకు సొట్టపడుతుంది. టగ్గు తన రబ్బరు మూతిని ఆ గుర్తుకు మెత్తగా ఆనించి, అప్పుడు బలం పెట్టింది. మనం ముందు లాగుతున్నాం. 229 మీటర్లు గిర్రున కాదు, జొన్నరొట్టె పెనం మీద జరిగినట్టు తిరిగింది.

ఆఖరి ముప్పై మీటర్లు. గట్టు వైపు అడ్డంగా, నిమిషానికి ఆరేడు మీటర్ల చొప్పున. ఇంతకంటే వేగమైతే గట్టుకు దెబ్బ. రేడియోలో మాటలు పొట్టివవుతున్నాయి. "పుష్ ఈజీ." "స్టాప్." "హోల్డ్ హర్." ఇరవై. పది. అయిదు. రబ్బరు దిండ్లు మూలిగాయి. గట్టు మీదివాళ్లు తాళ్లు అందుకున్నారు. ఓడ ఆగింది.

"టగ్స్, లెట్ గో. థాంక్యూ."

పైనుంచి తాడు కన్ను నీళ్లలో పడింది. విన్చి దాన్ని చుట్టుకుంటోంది. గట్టు మీద లారీలు వరుస కట్టాయి. ఇక అందరి చూపూ బొగ్గు మీదే. మన టగ్గు అప్పుడే ముఖం తిప్పేసింది. ఇంకో గంటలో ఇంకో ఓడ బయటికి వెళ్లాలి.

కుర్ర కళాసీ రెండు గ్లాసుల్లో టీ తెచ్చి ఒకటి సరంగు పక్కన పెట్టాడు. సరంగు మళ్లీ గొంతుక్కూర్చున్నాడు. తడిసిన తాడు మీద అరచెయ్యి జరుపుతూ ఒక చోట ఆగాడు. బొటనవేలితో నొక్కి చూశాడు. కుర్రాడి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు.

"ఇక్కడ. తెలిసిందా?"

కుర్రాడు కళ్లు మూసుకుని తడిమాడు. తల ఊపాడు.