చిన్న జేబు, పెద్ద షోకు: ఒక బాస్టన్ నేలమాళిగ కథ

అమెరికాలో తెలుగువాళ్ళ చరిత్ర రాయమంటే మనం చదువుల గురించి, వీసాల గురించి, కట్టుకున్న ఇళ్ళ గురించి, కట్టించిన గుళ్ళ గురించి రాస్తాం. కట్టుకున్న బట్టల గురించి మాత్రం ఎవరూ రాయరు. 1960లలో, 70లలో వచ్చిన పెద్దవాళ్ళని కదిపితే చాలు, విదేశీ మారకం ఆంక్షల వల్ల జేబులో ఎనిమిది డాలర్లతో దిగిన కథ ఉత్సాహంగా చెబుతారు. "మరి మొదటి చలికాలం కోటు ఎక్కడ కొన్నారండీ?" అని అడిగి చూడండి. నవ్వేసి మాట మారుస్తారు. ఊరికి పంపిన ఫొటోలో మాత్రం మంచులో ఆ కోటు వేసుకుని దర్జాగా నిలబడే ఉంటారు. ఆ కోటు ఎవరిదో పాతదైనా, అసలు ధరలో పావు వంతుకే కొన్నదైనా, ఫొటో చూసిన ఊళ్ళోవాళ్ళకి తెలిసే వీలు లేదు.

తక్కువ డబ్బుతో మంచి బట్ట కట్టాలన్న కోరికని చిన్నచూపు చూడక్కర్లేదని నా అభిప్రాయం. ఉద్యోగం ఇచ్చేవాడు ముందు చొక్కా చూస్తాడు, ఆ తర్వాతే రెజ్యూమే చూస్తాడు. ఆ కోరికని గౌరవంగా చూసి, దాని మీదే వ్యాపారం కట్టిన ఒక పెద్దమనిషి బాస్టన్‌లో ఉండేవాడు. ఆయనకి మన దేశంతో కూడా కొంచెం సంబంధం ఉంది. ఆ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు కాబట్టి ఈ నాలుగు పేజీలు.

ఆయన పేరు ఎడ్వర్డ్ ఫైలీన్. తండ్రి విలియం 1830లో ప్రష్యాలోని పోజెన్ ప్రాంతంలో (ఇప్పుడది పోలండులో ఉంది) ఒక యూదు కుటుంబంలో పుట్టి, కుర్రతనంలోనే అమెరికా వలస వచ్చాడు. బాస్టన్ చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న చిన్న బట్టల కొట్లు పెట్టి, పడి, లేచి, చివరికి 1881లో బాస్టన్‌లో స్థిరపడ్డాడు. ఎడ్వర్డ్‌కి హార్వర్డ్‌లో సీటు వచ్చింది గానీ తండ్రి జబ్బుపడటంతో చదువు మానుకుని కొట్లో కూర్చోవలసి వచ్చింది. మన ఇళ్ళల్లోనూ ఇలాంటి కొడుకులు బోలెడుమంది. తమ్ముడు లింకన్‌తో కలిసి ఎడ్వర్డ్ ఆ కొట్టుని నగరంలో పేరున్న దుకాణంగా పెంచాడు.

పెద్ద దుకాణం అన్నాక ఒక తలనొప్పి తప్పదు. సీజన్ అయిపోతుంది, సరుకు మిగిలిపోతుంది. పై అంతస్తుల్లో కొనే గొప్పింటి ఆడవాళ్ళ ముందు అదే సరుకుని చవగ్గా అమ్మితే కొట్టు పరువు పోతుంది. మరోపక్క ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిలు వారం జీతం చేతిలో పట్టుకుని కిటికీ అద్దాల్లోంచి చూసి వెళ్ళిపోతున్నారు. ఈ రెండు సమస్యలనీ ఒకదానితో ఒకటి కొట్టెయ్యవచ్చని ఫైలీన్‌కి తోచింది. 1909లో కొట్టు కింద నేలమాళిగలో 'ఆటోమేటిక్ బార్గెయిన్ బేస్‌మెంట్' తెరిచాడు. అంతకు కొద్దికాలం ముందే, 1908 నవంబరు 30న, ఆ వాషింగ్టన్ వీధి కిందుగా సబ్‌వే సొరంగం తెరిచారు. 1912లో డేనియల్ బర్నమ్ గీసిన కొత్త భవనంలోకి మారాక రైలు దిగినవాళ్ళు వీధిలోకి ఎక్కకుండానే నేరుగా బేస్‌మెంట్‌లోకి వచ్చేవారు.

దాని కిటుకంతా చీటీలో ఉంది. ప్రతి వస్తువు చీటీ మీదా ధరతో పాటు దాన్ని అమ్మకానికి పెట్టిన తేదీ వేసేవారు. పన్నెండు పని దినాల్లో అమ్ముడుపోకపోతే ధరలో పాతిక శాతం తగ్గుతుంది. ఇంకో ఆరు రోజులకి సగం. ఇంకో ఆరు రోజులకి పావు ధరే. అప్పటికీ పోకపోతే మరో ఆరు రోజులు ఆగి దాన్ని ధర్మసంస్థలకి ఇచ్చేస్తారు. తర్వాతి కాలంలో రోజుల లెక్క కొంచెం మారింది గానీ పద్ధతి మారలేదు. తగ్గించమని అడగడానికి మేనేజర్ లేడు, బతిమాలుకోవడం లేదు, తెలిసినవాళ్ళకి ఒక ధర తెలియనివాళ్ళకి ఒక ధర లేదు. క్యాలెండరే యజమాని.

నేను రోజూ రాసే ప్రోగ్రాముల భాషలో చెప్పాలంటే ఇది నాలుగు లైన్ల ఇఫ్-దెన్. కానీ అందం ఆ నాలుగు లైన్లలో లేదు, కొనేవాడి మనసులో ఉంది. ఇవాళ కొంటే సగం ధర. ఆరు రోజులు ఆగితే పావు ధర. కానీ ఈలోగా ఇంకెవరైనా ఎగరేసుకుపోతే? డబ్బున్నవాడు మొదటిరోజే కొంటాడు, లేనివాడు ఓపికని పెట్టుబడిగా పెడతాడు. ఆర్థికశాస్త్రంలో దీన్ని డచ్ వేలం అంటారు, హాలండులో పూలు ఇలాగే ధర దింపుకుంటూ అమ్ముతారు. మన ఆషాఢం తగ్గింపులు కూడా క్యాలెండర్ని బట్టి వచ్చేవే. పెళ్ళిళ్ళు లేని నెల, గిరాకీ ఉండదు కాబట్టి ధర దిగుతుంది. అయితే ఆషాఢంలో ఎంత తగ్గించాలో, అసలు ముందు ఎంత పెంచాలో కొట్టువాడి ఇష్టం. ఫైలీన్ చీటీ మీద ఆ ఇష్టానికి తావు లేదు, తేదీ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

మొదట్లో తోటి వ్యాపారులు దీన్ని 'ఫైలీన్ పిచ్చి' అని వెక్కిరించారు. నిజంగానే మొదటి పదేళ్ళు నష్టాలే. ఆ తర్వాత నిలదొక్కుకుని, 1930ల మహామాంద్యంలో పై అంతస్తులని ఆదుకున్నది ఈ నేలమాళిగే. ఇతర కొట్ల మిగులు సరుకు, దివాలా తీసినవాళ్ళ సరుకు కూడా కొని తెచ్చేవారు. 1940లో జర్మన్ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టడానికి కొద్దిరోజుల ముందు అక్కణ్ణించి బయటపడిన షనెల్, స్కియాపరెల్లీ లాంటి పెద్ద పేర్ల గౌన్లు ఇక్కడ 49 డాలర్లకి అమ్మారు. 1947 నుంచి పెళ్ళి గౌన్ల అమ్మకం మొదలైంది. తలుపు తెరవగానే పెళ్ళికూతుళ్ళు, వాళ్ళ తల్లులు, స్నేహితురాళ్ళు పరుగెత్తుకొచ్చి నిమిషాల్లో స్టాండ్లు ఖాళీ చేసేవారు. 2000లలో ఏ గౌనైనా 249 డాలర్లే. 1991 దాకా ఆడవాళ్ళకి బట్టలు వేసుకు చూసే గదులు కూడా లేవు. వరసల మధ్యనే, ఉన్న బట్టల మీదో, వాటిని తీసేసో, కొలత చూసుకునేవారట. మన కొట్లలో చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకోవడమే తెలిసినవాళ్ళకి ఇది నమ్మబుద్ధి కాదు.

నేను 2003లో ఎమ్మెస్‌కి బాస్టన్ వచ్చాను. డాలరు నలభై ఆరు రూపాయలు. ఏ ధర చూసినా నలభై ఆరుతో గుణించుకునే జబ్బు అప్పుడు మా అందరికీ ఉండేది. అక్టోబరులో కెరీర్ ఫెయిర్ వస్తోందనగా మా సీనియర్ ఒకాయన అడిగాడు.

"ఏరా, సూటుందా?"

"గుంటూరులో కుట్టించింది ఉందన్నా."

"వేసుకుని రా చూద్దాం." చూశాడు. "పెళ్ళికి బావుంది. ఇంటర్వ్యూకి వేరేది కావాలి. పద, ట్రెయిన్ ఎక్కు."

అలా మొదటిసారి ఆ నేలమాళిగ చూశాను. పక్కనే బొచ్చు కోటు వేసుకున్న పెద్దావిడ, అటుపక్క బస్ డ్రైవర్ యూనిఫారంలో ఒకాయన, మధ్యలో మేం ముగ్గురం తెలుగు కుర్రాళ్ళం, అందరం ఒకే స్టాండు తిరగేస్తున్నాం. కొన్ని సూట్లు వింతచోట్ల, ఆడవాళ్ళ స్వెట్టర్ల కింద దొరికాయి. ధర ఇంకో మెట్టు దిగేదాకా ఎవరి కంటా పడకుండా ఎవరో దాచిపెట్టుకున్నవి! కొట్టు పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటేనట. నాకు ముదురు నీలం రంగు ఉన్ని సూటు సగం ధరకి దొరికింది. దాంతో రెండు ఉద్యోగాల ఇంటర్వ్యూలు, ఒక పెళ్ళిచూపులు గడిచాయి.

ఇక మన దేశంతో సంబంధం సంగతి. 1907లో ఫైలీన్ ప్రపంచయాత్రలో భాగంగా ఇండియా వచ్చాడు. అప్పటికి మూడేళ్ళ కిందటే, 1904లో, సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. వడ్డీ వ్యాపారి పట్టునుంచి రైతుని తప్పించడానికి ఊళ్ళోవాళ్ళే పది మంది కలిసి సంఘం పెట్టుకుని, ఒకరికొకరు హామీ ఉండి అప్పిచ్చుకునే ఏర్పాటు అది. బెంగాల్లో ఆ సంఘాలు చూస్తున్న గౌర్లే అనే అధికారి ఫైలీన్‌ని పల్లెల్లోకి తీసుకువెళ్ళి చూపించాడు. బట్టల వ్యాపారికి ఆ దృశ్యం మనసులో నాటుకుపోయింది. తన కొట్లో పనిచేసే అమ్మాయిలకి కూడా చిన్న అప్పు కావలసివస్తే వడ్డీ వ్యాపారే గతి మరి. ఇంటికి వెళ్ళాక క్రెడిట్ యూనియన్ల కోసం పట్టుబట్టినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. కెనడాలో ఇలాంటివి నడుపుతున్న దెజార్దెన్ సలహా కూడా తోడై, 1909లో మసాచుసెట్స్ చట్టం వచ్చింది. నేలమాళిగ తెరిచిన సంవత్సరమే అది. ఆ తర్వాత ఫైలీన్ సొంత డబ్బు పోసి దేశమంతా ఉద్యమం నడిపించగా 1934లో ఫెడరల్ చట్టం అయింది. మనలో ఎంతమంది మొదటి కారు అప్పు యూనివర్సిటీ క్రెడిట్ యూనియన్లో తీసుకున్నామో లెక్కపెట్టుకోండి.

ఇటు మన దగ్గర 1904 చట్టం అప్పులకే పరిమితం. 1912లో దాన్ని విస్తరించి, ఉత్పత్తిదారులు కూడా సంఘాలు పెట్టుకునే వీలు కల్పించారు. ఆ దారిలోనే తర్వాత చేనేత సహకార సంఘాలు వచ్చాయి. మా అమ్మ పండక్కి రిబేటు వచ్చేదాకా ఆగి, సొసైటీ షాపులో మంగళగిరి చీర కొనేది. తేదీ చూసుకుని ఆగడం ఆవిడకి ఏ బాస్టన్ వాడూ నేర్పలేదు.

చవక అనగానే ఎవరో ఒకరు ఆ తేడా భరించాలి. ఈ లెక్క అమెరికాలో అప్పుడే బయటపడింది. ఆ రోజుల్లో పనిచేసే అమ్మాయిల ఫ్యాషన్ షర్ట్‌వెయిస్ట్ అనే రెడీమేడ్ జాకెట్టు. తక్కువ ధర, చూడటానికి నాగరికం. 1911 మార్చి 25న న్యూయార్కులో వాటిని కుట్టే ట్రయాంగిల్ ఫ్యాక్టరీ అంటుకుంది. తలుపు తాళం వేసి ఉండటంతో బయటపడలేక 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటాలియన్ ఆడపిల్లలు. వాళ్ళు కుట్టినలాంటి జాకెట్లే వాళ్ళూ తొడుక్కునేవారు.

మరో రకం చవక కూడా బాస్టన్‌లోనే పుట్టింది. 1902లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరు గొప్పవాళ్ళ ఇళ్ళనుంచి పాత బట్టలు సేకరించి, పేదవాళ్ళ చేత బాగుచేయించి, వాళ్ళకి కూలి ఇచ్చి, ఆ బట్టలు అమ్మడం మొదలుపెట్టాడు. అదే గుడ్‌విల్. పైన చెప్పిన పెద్దవాళ్ళ కోట్లలో కొన్ని అక్కడివే అయివుంటాయని నా అనుమానం. ఇప్పుడు మా అమ్మాయి, దాని స్నేహితురాళ్ళు పని గట్టుకుని గుడ్‌విల్‌కే వెళతారు, కొన్నది పదిమందికీ చూపిస్తారు. మా ఆవిడకి మాత్రం ఇంకా కొంచెం మొహమాటమే. "అత్తయ్యగారికి ఫోన్లో చెప్పకే" అని హెచ్చరిస్తుంది.

ఫైలీన్‌కి సొంత కొట్లోనే చేదు తప్పలేదు. తమ్ముడితో, భాగస్వాములతో విభేదాలు వచ్చి 1928లో పెత్తనం పోయింది. పేరుకి ప్రెసిడెంటుగా మిగిలాడు. పెళ్ళి చేసుకోలేదు. 1937లో పారిస్‌లో పోయాడు. బేస్‌మెంట్ మాత్రం ఇంకో డెబ్భై ఏళ్ళు నడిచింది. 1988లో పై కొట్టునుంచి విడిపోయి వేరే కంపెనీ అయింది. ఊరూరా శాఖలు పెట్టారు గానీ తేదీ చీటీ పద్ధతి బాస్టన్ అసలు కొట్టు దాటి వెళ్ళలేదు. 2006లో పైన ఉన్న ఫైలీన్స్ పేరు మెసీస్‌లో కలిసిపోయింది. 2007 సెప్టెంబరులో భవనం పునర్నిర్మాణం అంటూ బేస్‌మెంట్ మూసేశారు. 2008 మాంద్యంలో ఆ పని ఆగిపోయి, నగరం నడిబొడ్డున ఏళ్ళ తరబడి పెద్ద గొయ్యి మిగిలింది. 2011 చివరికి మిగతా శాఖలు కూడా మూతపడ్డాయి.

2015 సెప్టెంబరులో ఆ బర్నమ్ భవనంలోనే ప్రైమార్క్ అనే ఐరిష్ కంపెనీ తన మొదటి అమెరికా దుకాణం తెరిచింది. అక్కడ ధర మెట్లు దిగదు, మొదటిరోజే అడుగున ఉంటుంది. ఫైలీన్ నేలమాళిగలోది మంచి సరుకు మిగిలిపోతే చవకైనది, నష్టంలో చాలా భాగం వ్యాపారి మీద పడేది. ఇక్కడిది చవగ్గా అమ్మడానికే కుట్టించిన సరుకు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయారు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా పనిలోకి రప్పించారు. అక్కడ బట్టలు కుట్టించుకున్న కంపెనీల్లో ప్రైమార్క్ ఒకటి. బాధితులకి పరిహారం చెల్లించింది కూడా. అది ఒక్క కంపెనీ కథ కాదు. ఈ వ్యాసం రాస్తూ నా బీరువా తెరిస్తే సగం చొక్కాలు బంగ్లాదేశ్‌వే, వాటిలో ఖరీదైనవి కూడా ఉన్నాయి. ఖరీదు పెట్టి కొన్నంత మాత్రాన కుట్టినమ్మాయికి ఎక్కువ ముట్టిందని భరోసా ఏమీ లేదు.

కిందటిసారి బాస్టన్ వెళ్ళినప్పుడు ఆ భవనంలోకి వెళ్ళి స్టాండ్ల మధ్య నిలబడి, చొక్కా తర్వాత చొక్కా లేబుళ్ళు తిరగేస్తున్నాను. కొంతసేపు చూసి మా ఆవిడ అడిగింది, "కొంటారా, చదువుతారా? పార్కింగ్ మీటరు తిరుగుతోంది."