బండి కింద కుక్క

పోయిన సంక్రాంతి సెలవులకి మావారు ఒక డేరా కొనుక్కొచ్చారు. మడిచి పెడితే దిండంత, విప్పితే నలుగురు పడుకునేంత. "ఇక హోటళ్లవాళ్లని బతిమాలే పని లేదు. పిల్లా, కుక్కలూ, మనమూ ఎక్కడికి కావాలంటే అక్కడికి పోవచ్చు. అమెరికాలో అందరూ ఇంతే" అన్నారు. మా రెండు కుక్కల్ని చూస్తే ఏ హోటలువాడూ గది ఇవ్వడు. వాటిని వదిలి వెళదామంటే మా ఆరేళ్ల అమ్మాయి అన్నం మానేస్తుంది. అందువల్ల మూడేళ్లుగా మేము గడప దాటింది లేదు.

మా అత్తగారు ఆ డేరాని ఎగాదిగా చూసి, "దీనికి అమెరికా దాకా ఎందుకురా? మేము బండి కింద పండుకోలేదా?" అన్నారు. ఆవిడకి ఎనభై దగ్గర పడ్డాయి. పుట్టిల్లు ఆళ్లగడ్డ పక్కన పల్లె. చిన్నప్పుడు గూడుబండిలో శివరాత్రికి యాగంటి పోయేవారట. ఆ మాటతోనే మా ప్రయాణం ఎక్కడికో ఖాయమైపోయింది.

బనగానపల్లె దాటాక ఎక్కడ చూసినా నాపరాళ్లే. ఇళ్లకు కప్పు అవే, దొడ్లకు గోడలు అవే. కొండ ఇవతల మాకు తెలిసినవారి చేలో, చింతచెట్టు కింద దిగాము. డేరా నిలబెట్టటానికి మావారికి గంటన్నర పట్టింది. ఆ లోపల అత్తగారు మూడు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించారు.

మర్నాడు పొద్దున్నే కొండ దాకా షికారు వెళ్లి, గుడి బయట చెట్టు నీడన కూర్చుని పిల్లకి పెరుగన్నం కలిపాను. అలవాటు కొద్దీ "అదుగో కాకి, ముద్ద ఎత్తుకుపోతుంది" అన్నాను. కాకి ఏదీ? యాగంటిలో కాకి వాలదని ప్రతీతి. అగస్త్యమహాముని తపస్సుకి కాకులు అడ్డం వస్తే, ఈ చోటికి రావద్దని శపించాడట. కాకి శనీశ్వరుడి వాహనం కాబట్టి శని కూడా ఇక్కడ అడుగు పెట్టడంటారు. బాగానే ఉంది. కానీ కాకి లేని చోట చంటిపిల్లలకి అన్నం ఎట్లా తినిపించాలో ముని ఆలోచించినట్టు లేదు. లోపాముద్రని ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది! చివరికి ఆ లోటు మా కుక్కలే తీర్చాయి. పిల్లకొక ముద్ద, వాటికొక ముద్ద. కోతులు దగ్గరికొస్తే తరమటం కూడా వాటి వంతే.

"మా నల్లోడు కూడా ఇట్లనే" అన్నారు అత్తగారు.

నల్లోడు వాళ్లింటి కుక్క. 1953 శివరాత్రి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ ఏడాది అక్టోబరులోనే కనక ఆవిడకి ఏడు బాగా గుర్తు. నాలుగు బండ్లు కట్టుకుని, కోవెలకుంట్ల దగ్గర కుందూ దాటి, దారిలో రాత్రి మజిలీ చేసి వచ్చారట. బనగానపల్లె నవాబుల సంస్థానం 1948లోనే మదరాసు రాష్ట్రంలో కలిసిపోయినా, పెద్దవాళ్లు ఇంకా "నవాబు సీమలోకి వచ్చినాం" అనుకునేవారట. బండిలో వరిగడ్డి మీద జంపఖానా, మూటల్లో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. ఇరుసుకి వేలాడే లాంతరు, దాని కింద రెండు చక్రాల మధ్య నీడలో నల్లోడు. బండి కింద నడిచే కుక్క బండిని తానే మోస్తున్నాననుకుంటుందని సామెత ఉంది కదా. నిజానికి రాత్రి బండ్లు విప్పాక పిల్లలకి కాపలా అదే.

ఈ డేరా బతుకు మనకి కొత్తదేమీ కాదు. మదరాసు సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, కుటుంబంతో, పరివారంతో సుమారు నూరుమందిని వెంటబెట్టుకుని ఈ ప్రాంతం మీదుగానే వెళ్లారు. అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుంటూ సాగి, తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, దిగటానికి వసతి ఉందా లేదా, అన్నీ రాశారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర మనకి గొప్ప ఆస్తి. కానీ అంతమందికి పదిహేను నెలలపాటు వేళకి అన్నం ఎట్లా దొరికిందా అని నా బోటి ఇల్లాలికి దిగులు.

నల్లమల చెంచులకి మజిలీ అంటే సరదా కాదు, జీవనం. ఎండలు ముదిరితే నీళ్లున్న చోటికి పిల్లాపాపలతో, కుక్కలతో సహా మకాం మార్చి ఆకుల గుడిసెలు వేసుకునేవారు. 1940లో వియన్నా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు కృష్ణకి అవతలి ఒడ్డున వాళ్ల మధ్య మకాం వేసి, 1943లో పుస్తకం ప్రకటించాడు. ఆయన భార్య బెట్టీ కూడా ఆ అడవిలో వెంటే ఉంది. పుస్తకం మీద పేరు మాత్రం ఆయనది.

మనుషులదాకా ఎందుకు, ఆళ్లగడ్డ దగ్గర అహోబిలం నరసింహస్వామి కూడా ఏటా కనుమ నుంచి నలభై రోజులకి పైగా పారువేట పేరుతో పల్లకిలో ఊరూరా మజిలీలు చేస్తాడు. తన కల్యాణానికి తానే పిలుపులు చెప్పుకుంటాడంటారు. చెంచులు తమ ఇంటి అల్లుడని ఆయన పల్లకికి బాణం గురిపెడతారు.

ఆ రాత్రి డేరా ముందు మంట వేసుకుని కూర్చున్నాం. పిల్ల కుక్కల మీద చెయ్యి వేసి నిద్రపోయింది. "ఇంతకీ నల్లోడేమయింది అత్తయ్యా?" అని అడిగాను.

"ఏమయింది? తిరుగుదల నాడు మొగోళ్లు ఎద్దులను లెక్కబెట్టినారు, బిందెలు లెక్కబెట్టినారు, మనుషులను లెక్కబెట్టినారు. కుక్కనెవరు లెక్కబెడతారు? నా ఒళ్లో తమ్ముడు నిద్రబోతున్నాడు. కుందూ కాడికి వచ్చినాక బండి కిందికి చూస్తే అది లేదు. నాయన, కుక్కే గదా, వాసన పట్టుకుని అదే వస్తాదిలే అన్నాడు." కాసేపు మంటకేసి చూశారు. "రాలేదు."

తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "మా అమ్మ యాగంటికి ఏడు తూర్లు వచ్చింది. నందిని చూసింది ఒక్కతూరే. బండ్ల కాడ పిల్లోళ్లూ, పొయ్యీ, కుక్కా ఉండ్లా? ఎవరో ఒకరుండాల గదా" అన్నారు.

నాకు ఉన్నట్టుండి మహాప్రస్థానం గుర్తొచ్చింది. వెంట వచ్చిన కుక్కని విడిచి స్వర్గానికి రానన్నాడని ధర్మరాజుని ఇన్ని యుగాలుగా మెచ్చుకుంటున్నాం. అదే దారిలో ముందుగా పడిపోయింది ద్రౌపది. ఆమె కోసం ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఈ కథలో నల్లోడూ, దానికి ముద్ద వేసిన ఆ తల్లీ ఇద్దరూ ఒకే పక్క నిలబడ్డారనిపించింది.

మూడోనాడు తెల్లవారుజామున దర్శనానికి తయారవుతుంటే, కుక్కల్ని గుడిలోకి రానివ్వరన్న సంగతి తట్టింది. నోరు విప్పకుండానే నేను చెప్పులు విడిచి పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు. నడుములే అలవాటుగా వంగాయి.

"నువ్వు లెయ్యమ్మా" అన్నారు అత్తగారు. కొడుకు వైపు తిరిగి, "రేయ్, నువ్వుండు. డేరా కొన్నోడివి నువ్వే గదా!" అన్నారు.

కోనేటిలోకి కొండమీది నీళ్లు నంది నోట్లోంచి పడుతూనే ఉన్నాయి. విజయనగరపు సంగమ రాజుల కాలం నాటిదంటారు ఈ గుడిని. ఇక్కడి రాతి నంది ఏటేటా పెరుగుతోందనీ, ఇరవై ఏళ్లకి అంగుళమనీ చెపుతారు. అదే లెక్కయితే 1953 నుంచి ఇప్పటికి మూడంగుళాల పైమాటే. అత్తగారు చాలాసేపు దాని ముందు నిలబడి, "మా అమ్మ చూసినప్పటికన్నా పెద్దదయింది" అన్నారు. ఆవిడ కళ్లు తుడుచుకోవటం చూసి నేను గోపురం వైపు తిరిగాను.

తిరిగొచ్చేసరికి ఉప్మా మాడిపోయింది. అడుగంటిన గిన్నెని కుక్కలు శ్రద్ధగా నాకుతున్నాయి. మావారి ముఖం చూసి ఎవరమూ ఏమీ అనలేదు.

కారెక్కేముందు మా అమ్మాయి అందరినీ పేరుపేరునా, తోకలతో సహా, రెండుసార్లు లెక్కపెట్టింది. ఆ పని దానికి ఎవరు అప్పగించారో నేను అడగలేదు.