సుగమ పర్యాటకము: 360 డిగ్రీల వీడియో ద్వారా బోధన

వికలాంగులును, వృద్ధులును పరుల దయపై ఆధారపడక గౌరవముతో యాత్ర సాగించుటకు వలసిన ఏర్పాట్లను సుగమ పర్యాటకమందురు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, తన 30వ అధికరణమున, పర్యాటక స్థలములను, సేవలను పొందుటకు వారికి గల హక్కును గుర్తించినది. భారతదేశము 2007లో దానిని ధ్రువీకరించి, 2016లో తదనుగుణమైన చట్టమును చేసినది.

హోటలు సిబ్బందికిని, గైడులకును ఈ విషయమును బోధించుటలో 360 డిగ్రీల వీడియో మిక్కిలి అక్కరకు వచ్చును. పరస్పర విరుద్ధ దిశలకు చూచు రెండు విశాలదృష్టి కటకములు గ్రహించిన చిత్రములను కంప్యూటరు ఒక్కటిగా కూర్పగా, హెడ్‌సెట్ ధరించిన ప్రేక్షకుడు తల త్రిప్పిన దిక్కునకెల్ల దృశ్యము విస్తరించును. ఆ కెమెరాను చక్రాల కుర్చీలో కూర్చున్నవాని కంటి ఎత్తున, అనగా నేలనుండి సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తున నిలిపినప్పుడు, నిలుచున్నవానికి ఏనాడును తోచని విశేషములు బయల్పడును: రిసెప్షను బల్ల గోడవలె అడ్డు నిలుచును, దాని వెనుకనున్న గుమాస్తా ముఖము సగమే కనబడును, స్నానాల గది గడప దుర్లంఘ్యమగును. అడుగెత్తునకు 12 అడుగుల పొడవుండవలసిన ర్యాంపు నిట్రముగా నున్నచో ఆ దోషమును ఉపన్యాసముకంటె ఈ దృశ్యమే స్ఫుటముగా చూపును.

అయితే ర్యాంపు ఎక్కునప్పటి భుజముల శ్రమను, రాళ్లబాటపై చక్రముల కుదుపును వీడియో అందింపజాలదు. కేవలము జాలిని పుట్టించు చిత్రీకరణము హానికరము కూడ. కావున చిత్రమును వికలాంగులే నిర్దేశించుట అత్యావశ్యకము. బధిరులకు అక్షరరూప సంభాషణలును, అంధులకు వర్ణనాత్మక వ్యాఖ్యానమును అందు చేర్పవలెను.