టీకా దుష్ప్రభావ బాధితులకు ప్రభుత్వ సహాయం (హిందూపురం, పెనుకొండ, ధర్మవరం)

టీకా తర్వాత తలెత్తే అనారోగ్యాన్ని నమోదుచేసి, వైద్యం అందించి, కారణం తేల్చే ఏర్పాటు ఇది. దేశంలో ఈ నిఘా 1988లో మొదలైంది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నందున, ఈ మూడు పట్టణాల నివేదికలు జిల్లా టీకాల అధికారికి వెళ్తాయి. టీకా వేయించుకున్నవారు అరగంట కేంద్రంలోనే ఉండాలి. ఊపిరాడని తీవ్ర అలర్జీ వస్తే టీకా వేసే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) తన కిట్‌లోని ఎడ్రినలిన్‌ను తొడ కండరంలోకి ఒక్క మోతాదు ఇచ్చి ఆసుపత్రికి పంపుతుంది. మరణం, ఆసుపత్రిలో చేరిక వంటి తీవ్ర ఘటనలను 24 గంటల్లో జిల్లాకు తెలపాలి. ప్రభుత్వాసుపత్రుల్లో వైద్యం ఉచితం. పరిహారం సంగతి వేరు: కోవిడ్ టీకాల వ్యాజ్యంలో, బాధితులు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చని కేంద్రం 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది. బ్రిటన్‌లో ఇలాంటి పరిహారానికి 1979 నుంచే చట్టం ఉంది.